బంతిభోజనానికి బడ్జెట్ లేదు

మనిషి ఏం తింటున్నాడో చూడడానికి వైద్యులున్నారు. ఎంత తింటున్నాడో చూడడానికి మెస్సు ఇన్‌ఛార్జి ఉన్నాడు. ఏ గోడను చూస్తూ తింటున్నాడో పట్టించుకునే నాథుడు మాత్రం నాగరికత పుట్టిన నాటినుంచీ లేడు. ఈ లోటును ఒమాన్ దేశంలో, అల్ సువైక్ ఊరి చివర, ఖర్జూరపు తోటల పక్కనున్న ఒక నిర్మాణ కంపెనీ క్యాంపు తీర్చింది.

అంతకుముందు ఆ క్యాంపులో భోజనాల హాలు ఒకటుండేది. నాలుగు గోడలు, కింద తెల్ల టైల్స్, పైన ఫ్యాన్లు. డ్యూటీ దిగి వచ్చినవాళ్లు చెప్పులు గుమ్మం బయట విడిచి, ప్లాస్టిక్ పట్టా పరుచుకుని, వరసగా కూర్చుని తినేవారు. తిన్నాక పట్టా దులిపి చుట్టేసేవారు. ఆ హాలుకు ఒక స్టైలంటూ లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆకలిమీద ఉన్నవాళ్లకు ఇలాంటి లోపాలు కనబడవు.

మేనేజరుకు కనబడింది. పెద్ద కాంట్రాక్టు ఇవ్వబోతున్న సంస్థవారు, కూలీలు ఎలా బతుకుతున్నారో చూడడానికి ఇన్‌స్పెక్టరును పంపుతామన్నారు. చూడడానికి వస్తున్నారంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. మరునాటికల్లా గోడమీద సర్క్యులర్ వెలిసింది. భోజనశాల సౌందర్య సంఘం ఏర్పడింది. అందులో ఆ హాల్లో తినేవాళ్లెవరూ లేరు (స్వార్థం అడ్డు రాకూడదని).

మస్కట్‌లోని ఘుబ్రా నుంచి రమణి గారనే డెకరేటరును పిలిపించారు. ఆవిడ హాలు నడిమధ్యన నిలబడి చాలాసేపు కళ్లు మూసుకుంది. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. తర్వాత ఆవిడ కళ్లు తెరిచి, "హాలు ఒకటే. కానీ ఇందులో మూడు బడ్జెట్లు కనిపిస్తున్నాయి" అంది. అలాంటివి చూడగలిగే కన్ను అందరికీ ఉండదు.

ఆ ప్రకారం హాలును మూడు జోన్లు చేశారు. ఎ జోన్ ఇంజనీర్లకు, ఆఫీసువాళ్లకు. బి జోన్ ఫోర్‌మన్లకు, డ్రైవర్లకు. సి జోన్ మిగిలినవాళ్లకు, అంటే అందరికీ. ఎ గ్రేడు బడ్జెట్ మస్కట్ దాకా వెళ్లి, అక్కడినుంచి ఓడెక్కి పరదేశాలు కూడా తిరిగొచ్చింది. బి గ్రేడు బడ్జెట్ సువైక్ బజారు చూసి వచ్చింది. సి గ్రేడు బడ్జెట్ కంపెనీ గోడౌను గేటు దాటలేదు.

ఎ జోన్‌లో కొత్త చెక్కను గీకి, చెదలు తిన్నట్టు చిల్లులు పొడిచి, పాతదానిలా కనిపించే బల్లలు వేసి, పైన దీపాలు వేలాడదీశారు. సి జోన్‌లో నిజంగానే పాతబడ్డ చెక్కకు రంగేసి కొత్తదానిలా చేశారు. మధ్యన బి జోన్‌లో చెక్క బొమ్మ అంటించిన ప్లాస్టిక్ పెట్టారు. మూడూ చూడడానికి ఒకేలా ఉన్నాయని ఎవరో అన్నారు. అలా అనిపించడమే అసలు కళ అని రమణి గారు చెప్పింది. జోన్లకు సరిహద్దుగా ప్లాస్టిక్ ఖర్జూరపు చెట్లను కుండీల్లో నిలబెట్టారు (కిటికీ బయటవి దుమ్ముపట్టి ఉన్నాయి).

సి జోన్ బల్లలంటే కేబుల్ చుట్టి వచ్చే పెద్ద చెక్క డ్రమ్ములు. కూర్చునే బెంచీలు పరంజా పలకలు. పగలంతా ఆ పలకలమీద నిలబడ్డవాళ్లు సాయంత్రం వాటిమీదే కూర్చోవాలన్నమాట. దీన్ని రస్టిక్ స్టైల్ అంటారు.

"గీ డ్రమ్మును మొన్ననే గదనే కాకా, సైట్ల మూలకు నూకినం? మల్లెట్లొచ్చె?" అన్నాడు హెల్పరు అంజి, పక్కనున్న గంగన్నతో.

"అది గూడ డ్యూటీ దిగి బస్సెక్కింది తియ్" అన్నాడు గంగన్న.

రమణి గారు నవ్వింది. "అలా అనకండి గంగన్న గారూ. ఇలాంటి టేబుల్ దగ్గర కూర్చోవాలని మస్కట్ కేఫుల్లో జనం క్యూలో నిలబడతారు తెలుసా?"

"మాకు క్యూ లేకుంటనే దొరికింది మేడమ్. అదృష్టం."

గంగన్నది మెట్‌పల్లి పక్క ఊరు. షట్టరింగ్ కార్పెంటరు. కాంక్రీటు పొయ్యడానికి చెక్కతో అచ్చు కడతాడు, అది గట్టిపడ్డాక తన అచ్చును తనే ఊడదీస్తాడు. కట్టింది నిలవదన్న బాధ ఈ పనిలో ఉండదు. ముందే తెలుసు కాబట్టి.

హాలు అందాలతో ఆయనకు పేచీ లేదు. ఆయనకు కావలసింది హాలు. ఒక శుక్రవారం, ఒక పూట.

ఆ శుక్రవారం ఊళ్లో ఆయన కొడుకు పెళ్లి. పెళ్లికూతురు రజిత, పక్క ఊరి పిల్ల. గంగన్న వెళ్లడంలేదు. కంపెనీలో రెండేళ్లకొక సెలవు. ఆయన సెలవు పోయినేడు భార్య యాదవ్వ చావుకు ఖర్చయిపోయింది. (చావూ పెళ్లీ ఒకే సెలవులో సర్దుకునే ఉద్యోగులంటే యాజమాన్యానికి ప్రత్యేకమైన గౌరవం.) అయినా అడిగి చూద్దామనుకున్నాడు. ఈలోగా ఊరినుంచి అన్న ఫోన్ చేశాడు.

"పీటల మీద నేను, మీ వదినె కూసుంటం. ఆడమనిషి లేనోనివి, నువ్వొచ్చి ఏడ కూసుంటవ్‌రా? ఊకె తిప్పల పడకు. ఫోన్ల జూడు."

అన్న తప్పేమీ అనలేదు. పద్ధతే అది. పీటలమీద జంట కూర్చోవాలి. భార్య పోయినవాడు కొడుకు పెళ్లిలో కుర్చీ చూసుకోవాలి.

కానీ పెళ్లికొడుకు తండ్రి చేయవలసిన పని ఇంకొకటుంది. దానికి పక్కన భార్య అక్కర్లేదు. బంతిలో వడ్డించడం. జనమంతా నేలమీద ఒకే వరసలో కూర్చుంటారు. తండ్రి కూర బకెట్టు పట్టుకుని, నడుం వంచి, ఒక్కొక్క ఆకు ముందు ఆగి, "ఏస్కో, జర ఏస్కో" అని బతిమాలాలి. వద్దని చెయ్యి అడ్డం పెట్టినవాడి వేళ్ల సందులోంచి ఒక ముక్క జారవిడవాలి. చివరివాడు తినేదాకా మొదటివాడు లేవకూడదు. ఇది జరిగితేనే ఆ ఇంట్లో పెళ్లి జరిగిందని నలుగురూ ఒప్పుకుంటారు. మెట్‌పల్లి దిక్కు అన్న కూర్చుంటాడు. సువైక్‌లో తను నిలబడతాడు. గంగన్న ఆలోచన ఇంతే.

క్యాంపు బాస్ నిజాముద్దీన్ దగ్గరికి వెళ్లాడు. ఆయనది కడప.

"నిజాం భాయ్, వచ్చే నెల కొడుకు లగ్గమున్నది. ఆ శుక్రారం హాల్ల దావత్ ఇస్త."

"ముబారక్ గంగన్నా! ఇయ్యప్పా, ఎవురొద్దన్న్యారు? మటనా, చికెనా?"

"మటన్. దస్తగిర్ వండుతనన్నడు."

వంటమనిషి దస్తగిర్ పేరు వినగానే నిజాముద్దీన్ ముఖం వెలిగింది. అంతలోనే రూలు గుర్తొచ్చి ఆరిపోయింది.

"అయితే ఒగ మాటప్పా. డ్రమ్ముల కాడ మీవోళ్లంతా ఒగేసారి పట్టరు. బ్యాచులు బ్యాచులుగా రావల్ల. లైన్లో నిలబడి ఎవురి ప్లేటు వాళ్లు తెచ్చుకోవల్ల. సి జోన్‌కు సెల్ఫ్ సర్వీసు."

"వడ్డిచ్చేది నేను భాయ్."

"వడ్డించేది ఎ జోన్లోనే. ఆడ దానికి బోయ్ ఉండాడు. సి జోన్లో ఒగడు ఇంగొగడికి వడ్డిస్తే, రూలు ప్రకారం వాడు వెయిటరు. నీ వీసా చూస్తే షట్టరింగ్ కార్పెంటరు."

"కొడుకు పెండ్లిల కూర పొయ్యాల్నంటె వీసా మార్చుకోవాల్నా?"

"నన్నడుగుతావేందప్పా? రూలు నేను రాసిన్నా? పో, మేడమ్‌ను అడుగు."

రమణి గారు చాలా ఓపికగా విన్నది. ఒకచోట కళ్లు కూడా చెమర్చాయి.

"నేలమీద కూర్చుని తినడం! ఎంత అందమైన ఆలోచనండీ. కానీ మన కాన్సెప్ట్‌లో నేల లేదు."

గంగన్న కిందికి చూశాడు. "ఉన్నది గదా మేడమ్."

"అది ఫ్లోరింగ్. సీటింగ్ కాదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ప్రతి ఏర్పాటుకూ ఏదో ఒక బడ్జెట్ కింద అనుమతి రాయాలి. మీరేమో ఖర్చు లేకుండా కూర్చుంటామంటున్నారు. ఖర్చే లేనిదాన్ని నేను ఏ బడ్జెట్ కింద రాయను, చెప్పండి?"

ఊళ్లో బడికి వెళ్లినప్పుడు గంగన్నకు ఈ లెక్క నేర్పలేదు.

"ఇన్‌స్పెక్షన్ అయిపోనివ్వండి. తర్వాత ఏదో ఒకటి చూద్దాం" అంది ఆవిడ. ఏదో ఒకటి చూడడం ఆఫీసులన్నింటికీ తెలిసిన స్టైలు. దానికి బడ్జెట్ అక్కర్లేదు.

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున్నే నిజాముద్దీన్ అందరినీ నిలబెట్టి హెచ్చరించాడు. "బెంచీలకు రంగు కొత్తది. కుర్చీలకు కవర్లుండాయి. సాబ్ చూసేదాకా ఒగ మరక పడితే జీతంలో కటింగ్. అర్థమాయెనా?"

అందరికీ అర్థమైంది. చెప్పినవాళ్లు అనుకున్నట్టు కాకపోయినా, పూర్తిగా అర్థమైంది.

మధ్యాహ్నం ప్లేట్లు పట్టుకుని హాల్లోకి వచ్చినవాళ్లు తళతళలాడే డ్రమ్ముల ముందు ఆగిపోయారు. ఎవరూ కూర్చోరు.

"ఇది కూసునే సామాను గాదే కాకా. సూపిచ్చే సామాను. మన దిక్కు పెండ్లి పందిట్ల మంచం, బీరువా వరసగ పెట్టి నలుగురికి సూపిస్తరు సూడు, గట్ల. సాబు జూసినంక లోపల పెడ్తరు" అన్నాడు అంజి.

గంగన్నకూ అదే న్యాయంగా తోచింది. పందిట్లో పెట్టిన కొత్త మంచంమీద ఎవడైనా ఎక్కి కూర్చుంటాడా? అంత బుద్ధిలేనివాళ్లు తమలో లేరు. ఆయన చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చి, గోడవారగా నేలమీద బాసింపట్టు వేశాడు. పక్కన అంజి కూర్చున్నాడు. అంజి పక్కన ఇంకొకడు. వరస పెరుగుతూ పోయి ప్లాస్టిక్ ఖర్జూరపు చెట్లు దాటింది. బి జోన్‌లో కుర్చీ అంచుమీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ఫోర్‌మన్ ఒకాయన, చేతిలో చారుగిన్నెనూ కింద తెల్ల కవరునూ మార్చిమార్చి చూసి, మెల్లగా నేలకు దిగాడు. వరస ఎ జోన్ గోడకు తగిలి ఆగింది.

సరిగ్గా అప్పుడు మేనేజరు ఇన్‌స్పెక్టరును తీసుకుని లోపలికి వచ్చాడు. మూడు బడ్జెట్ల సౌందర్యమూ ఖాళీగా ఉంది. మేనేజరు ముఖంలో రంగులు మారాయి. రమణి గారు మళ్లీ కళ్లు మూసుకుంది.

ఇన్‌స్పెక్టరు పేరు ఉమర్. ఒమానీ. కాళ్లదాకా దిగే తెల్ల చొక్కా దిష్‌దాషా, తలకు కుట్టుపని టోపీ. ఆయన వరసను ఆ చివరనుంచి ఈ చివరకు చూశాడు. గుమ్మం దగ్గరి చెప్పుల గుంపును చూశాడు. తన చెప్పులు కూడా వాటి పక్కన విడిచాడు. వచ్చి అంజి పక్కన సందు చేసుకుని కూర్చున్నాడు.

ఎ జోన్ బోయ్‌కు చేతులాడలేదు. నేలమీద కూర్చున్నది ఎ గ్రేడు మనిషా, సి గ్రేడు మనిషా తేలక, కోడికూర గిన్నె పట్టుకుని స్తంభంలా నిలబడ్డాడు. గంగన్న లేచి వాడి చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు. నడుం వంచాడు.

"ఏస్కో సాబ్. జర ఏస్కో."

ఉమర్‌కు మాట తెలియకపోయినా సంగతి తెలిసింది. చాలని చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ల సందులోంచి ఒక ముక్క జారింది. ఆయన పకపకా నవ్వాడు.

"మాషా అల్లా! మా ఇంట్లో మా నాయన ఇట్లాగే చేసేవాడు" అన్నాడు హిందీలో. ఇంకోసారి కూడా వేయించుకున్నాడు.

తర్వాత రిపోర్టు వచ్చింది. ఎ జోన్ దీపాలు తలకు తగులుతున్నాయని రాశారు. సి జోన్ డ్రమ్ములు గోడౌనులో ఉండవలసినవని రాశారు. నేల గురించి మాత్రం 'అత్యుత్తమం' అని రాశారు. కాంట్రాక్టు వచ్చింది.

"ఇగ నీ బంతికి తిరుగులేదు కాకా! సాబే కూసుండె!" అన్నాడు అంజి. గంగన్న ఊరికి ఫోన్ చేసి, ఇక్కడ కూడా పెళ్లి బంతి కూర్చుంటుందని అన్నకు చెప్పాడు. ఆ సాయంత్రం దస్తగిర్‌తో కూర్చుని మసాలాల సంగతి మాట్లాడాడు.

సౌందర్య సంఘం అత్యవసరంగా సమావేశమైంది. "ఇంత విలువైన వస్తువు మన కాళ్ల కిందే ఉంటే, ఇన్నాళ్లూ తెలియక తొక్కుకుంటూ తిరిగాం" అని మేనేజరు బాధపడ్డాడు. అందరూ బాధపడ్డారు. అత్యుత్తమమని రుజువైనదాన్ని సి గ్రేడులో వదిలేయడం బాధ్యతారాహిత్యమని తీర్మానించారు. నేలను ఎ గ్రేడుకు ప్రమోట్ చేశారు.

మస్కట్ నుంచి తివాచీ వచ్చింది. ఆనుకోవడానికి ఎర్ర దిండ్లు వచ్చాయి. ఖావా అనే అరబ్బు కాఫీ పోసుకునే ఇత్తడి కూజా వచ్చింది. దీన్ని మజ్లిస్ స్టైల్ అంటారు. లెక్క చూస్తే హాలు మొత్తంలో ఎక్కువ ఖర్చయింది నేలకే. అనుమతి అదే రోజు వచ్చేసింది. ఇంజనీర్లు నేలమీదికి దిగారు. దిగడం బాగానే జరిగింది. లేవడం కుదరక ఒకరిద్దరు మోకాళ్లు పట్టుకుని కూర్చుండిపోయారు. వాళ్లను లేపడానికి ఇంకో బోయ్‌ను వేశారు. చిల్లుల బల్లలు సి జోన్‌కు ఇవ్వడం గ్రేడుకు మించిన పని కాబట్టి స్టోరులో పెట్టి తాళం వేశారు. చివరగా ఒక చిన్న సర్క్యులర్ అంటించారు: సి గ్రేడు ఉద్యోగులు హాల్లో నేలమీద కూర్చోరాదు.

గంగన్న మళ్లీ నిజాముద్దీన్ దగ్గరికి వెళ్లాడు. ఈసారి నిజాముద్దీనే ముందు తల దించుకున్నాడు.

"నేల పైకి పోయినాదప్పా గంగన్నా."

"నేను కూసుంటెనే గదా భాయ్, ఆయన కూసున్నది?"

"అదీ మరిచిపోలేదులే. మీటింగులో నీ పేరు చెప్పినారు. నీకు థ్యాంక్స్ అని రాసినారు."

"థ్యాంక్స్ మీద ఎంతమంది కూసుంటరు భాయ్?"

నిజాముద్దీన్ ముందున్న రిజిస్టరు మూసేశాడు.

"లైన్ల నిలవడి ప్లేటు పట్టుడు రోజు జేస్తనే ఉన్నం. కొడుకు పెండ్లి గూడ గట్లనే జేస్తే అది పెండ్లి గాదు, డ్యూటీ. పీటల మీద ఎట్లగూ లేను. బంతిల గూడ లేకుంటె, ఇగ నేనేం తండ్రిని?"

నిజాముద్దీన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. బయట క్యాంపు గోడకూ తోట గోడకూ మధ్యన ఇసుక. మధ్యాహ్నం అక్కడ ఖర్జూరపు చెట్ల నీడ పడుతుంది.

"రూలు హాలుకు రాసినారు" అన్నాడు అటే చూస్తూ. "గోడ బయట ఏముండాదో నేను చూల్లేదప్పా. నాకు ఎండలో కండ్లు కనపడవు."

పెళ్లి శుక్రవారం నమాజు విడిచాక తోట గోడ నీడలో షట్టరింగ్‌కు వాడే పాలిథిన్ పరిచారు. దస్తగిర్ మటన్ వాసన క్యాంపు మొత్తానికి కబురు చెప్పింది. అందరూ చెప్పులు విడిచి ఒకే వరసలో కూర్చున్నారు. ఫోర్‌మన్లు వచ్చారు. డ్రైవర్లు వచ్చారు. ఎ జోన్ బోయ్ కూడా వచ్చి, జీవితంలో మొదటిసారి కూర్చుని వడ్డన చేయించుకున్నాడు. చివరన నిజాముద్దీన్ కూర్చున్నాడు (తనిఖీ నిమిత్తం).

గంగన్న తెల్ల చొక్కా వేసుకుని, భుజాన తువ్వాల వేసుకుని, కూర బకెట్టుతో మొదటివాడి ముందు వంగాడు.

"ఏస్కో. జర ఏస్కో."

"సాలు కాకా, సాలు!"

"ఏం సాలు? నా కొడుకు పెండ్లి రా. నీ కడుపుకు తాళమేసినవా?"

"నీ బొక్కలన్ని నాకే ఏస్తివి, ముక్కలు నిజాం భాయ్‌కి దాస్తున్నవా?" అన్నాడు అంజి. బంతంతా నవ్వింది.

నడిబంతిలో ఉండగా చొక్కా జేబులో ఫోన్ మోగింది. అంజి ఎంగిలి కాని చేత్తో దాన్ని లాగి చూశాడు. వీడియోలో పందిరి. పీటలమీద అన్న, వదిన. ఎదురుగా కొడుకు, రజిత. బాజాల హోరు.

"గంగడూ! తలంబ్రాలు పోస్తున్నర్రా! జూడు, జూడు!" అని అన్న అరుస్తున్నాడు.

గంగన్న ఒక్క క్షణం చూశాడు. కొడుకు నెత్తిమీద బియ్యం పడుతున్నాయి. యాదవ్వ ఉంటే పిల్లవాడి బాసింగం అలా పక్కకు ఒరగనిచ్చేది కాదు.

"నువ్వు జూడన్నా" అన్నాడు. "నాకీడ బంతి లేవలేదు. అంజీ, ఫోను వరస దిక్కు తిప్పు. ఆళ్లనే జూడనీ."

అంజి ఫోన్‌ను వరస పొడుగునా తిప్పాడు. ఊళ్లో పందిట్లో ఎవరో, "అబ్బో, ఎంత పెద్ద బంతి!" అన్నారు. ఆ మాట బాజాల్లోంచి కూడా స్పష్టంగా వినబడింది. గంగన్న వినబడనట్టు తరవాతి మనిషి ముందు వంగాడు. చివరివాడు తిన్నాడు. అప్పుడే మొదటివాడు లేచాడు. పెళ్లయింది.

మజ్లిస్ దిండ్ల కుట్టు చూసుకుందామని ఆ రోజే ఘుబ్రా నుంచి వచ్చిన రమణి గారు, గోడ పక్కన కారు ఆపి ఇదంతా చూసింది. ఆవిడ కళ్లు ఈసారి నిజంగానే చెమర్చాయి. ఒక ఫోటో తీసుకుంది.

సంఘం ఆ ఫోటోను ముక్తకంఠంతో మెచ్చుకుంది. సహజమైన నీడ, ఇసుక, ఆకాశం. ఇలాంటి కాన్సెప్ట్ బయట ఎక్కడా కొందామన్నా దొరకదని మేనేజరు అన్నాడు. తోట గోడ నీడను ఎ గ్రేడు ఆరుబయలు భోజనశాలగా ప్రకటించి, చుట్టూ కంచె వేయాలని తీర్మానించారు. కంచె ఎంత మేర వేయాలో తెలియాలంటే, బంతి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో సరిగ్గా తెలిసిన మనిషి కావలసి వచ్చింది. ఆదివారం పొద్దున కంచెకు హద్దులు గీసే డ్యూటీ గంగన్నకు వేశారు.